మంచు కరిగే వేళ గుల్‌మర్గ్‌లో

మైలార్‌దేవ్‌పల్లిలో మా డాబా మీద నిలబడితే శంషాబాద్‌లో దిగే విమానాలు కనిపిస్తాయి. 2008 మార్చిలో ఆ విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుంచి వాటి రొద మా దినచర్యలో భాగమైపోయింది. ఇన్నేళ్ళలో మేము అక్కడికి వెళ్ళినదల్లా ఉమ్రాకు పోయేవారిని సాగనంపడానికో, గల్ఫ్ నుంచి వచ్చే బంధువులను ఇంటికి తీసుకురావడానికో మాత్రమే. మా కుటుంబం స్వయంగా విమానమెక్కే రోజు 2025 ఏప్రిల్ మొదటి వారంలో వచ్చింది. అదీ మంచు మీద జారే ఆట నేర్చుకోవడానికి, కశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌కు.

మంచు అంటే మా పేటలో అందరికీ తెలిసింది ఒక్కటే. గోనెసంచి కప్పుకొని ఐస్ ఫ్యాక్టరీ నుంచి ఆటోలో వచ్చే దిమ్మ. మా అమ్మాయికి మరికొంచెం తెలుసు. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర 2004లో మొదలైన స్నో వరల్డ్‌కు బడి పిల్లలతో వెళ్ళి, యంత్రాలతో తయారుచేసిన మంచును ముట్టుకొని వచ్చింది. తను ఎనిమిదో తరగతిలో ఉండగా, 2022 ఫిబ్రవరిలో, బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. వాటిలో భారతదేశం తరఫున పాల్గొన్న ఒకే ఒక్క క్రీడాకారుడు గుల్‌మర్గ్ వాలులపై పెరిగిన ఆరిఫ్ ముహమ్మద్ ఖాన్. ఆయన తండ్రి అక్కడే స్కీ పరికరాల దుకాణం నడిపేవారు. జెయింట్ స్లాలమ్ అనే పోటీలో ఆరిఫ్ 45వ స్థానంలో నిలిచాడు. పతకం రాకపోయినా, ప్రారంభోత్సవంలో జెండా పట్టుకొని నడిచిన ఆ యువకుని చిత్రం మా అమ్మాయి అల్మారా తలుపు మీద మూడేళ్ళు అలాగే ఉండిపోయింది.

ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు బాగా రాస్తే గుల్‌మర్గ్ చూపిస్తానని మాట ఇచ్చాను. కాటేదాన్‌లోని ఒక చిన్న ప్యాకింగ్ యూనిట్‌లో లెక్కలు రాసేవాణ్ణి. రెండేళ్ళుగా కడుతున్న చిట్టీ ఎత్తుకుంటే గాని ఆ మాట నిలబడలేదు. బంధువులు ఊరుకోలేదు. ఆడపిల్లకు ఈ ఆటలెందుకన్నారు కొందరు. ఆ డబ్బుతో రెండు తులాల బంగారమైనా కొని పెట్టుకోవచ్చునన్నారు మరికొందరు. డెబ్బై ఏళ్ళకు దగ్గరవుతున్న మా అమ్మ మాత్రం, "పిల్ల కష్టపడి చదివింది. అల్లాహ్ సృష్టిని కళ్ళారా చూసి రానీయండి" అంది. కాసేపాగి, "నన్ను కూడా తీసుకెళ్ళు బేటా. నా మోకాళ్ళు పూర్తిగా మొరాయించకముందే ఆ కొండలు చూస్తాను" అంది.

రంజాన్ పండుగ మార్చి 31న జరిగింది. ఆ వారంలోనే బయలుదేరాము. సాధారణంగా గుల్‌మర్గ్‌లో స్కీయింగ్ డిసెంబరు మధ్యలో మొదలై మార్చి ఆఖరుకు ముగింపునకు వస్తుంది. ఏప్రిల్‌లో పైవాలుల్లోనే మంచు మిగులుతుంది. పరీక్షలు, ఉపవాసాలు, పండుగ గడిచాక మాకు దొరికినది ఆ చివరి రోజులే.

పూల మైదానం, మంచు మైదానం

ఢిల్లీలో విమానం మారి శ్రీనగర్ చేరేసరికి మధ్యాహ్నమైంది. పీర్ పంజాల్ పర్వతాలు కిటికీ కింద తెల్లగా పరచుకొని కనిపించినప్పుడు అమ్మ తస్బీహ్ తిప్పడం ఆపి అటే చూస్తూ ఉండిపోయింది. శ్రీనగర్‌లో జబర్వాన్ కొండ దిగువన ఉన్న తులిప్ తోట అప్పటికి నిండుగా పూసి ఉంది. ఒకే ప్రయాణంలో పూలూ మంచూ రెండూ చూడాలనుకునే కుటుంబాలకు మార్చి చివర, ఏప్రిల్ మొదలు అనుకూలమైన సమయం.

శ్రీనగర్ నుంచి గుల్‌మర్గ్ సుమారు 50 కిలోమీటర్లు. మాగామ్ దాటి తంగ్‌మర్గ్ వరకు దారి పొలాల మధ్య, పండ్ల తోటల మధ్య సాగుతుంది. అక్కడి నుంచి మిగిలిన 13 కిలోమీటర్లు దేవదారు, పైన్ చెట్ల నడుమ మలుపులు తిరిగే ఘాట్ రోడ్డు. తంగ్‌మర్గ్‌లో రబ్బరు బూట్లు, దళసరి కోట్లు అద్దెకు తీసుకున్నాము. మొదటి సాయంత్రం ఎక్కడికీ పోకుండా బసలోనే విశ్రాంతి తీసుకున్నాము. సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉండే హైదరాబాద్ నుంచి ఒక్కసారిగా 2,650 మీటర్లకు చేరినప్పుడు ఒంటికి ఒక రాత్రయినా వ్యవధి ఇవ్వడం మంచిది.

గుల్‌మర్గ్ అంటే పూల మైదానం. పూర్వం గౌరీమార్గ్‌గా పిలిచే ఈ చోటికి 16వ శతాబ్దపు కశ్మీర్ పాలకుడు యూసుఫ్ షా చక్ ఆ పేరు పెట్టాడని చెబుతారు. మొగల్ చక్రవర్తి జహంగీర్ ఇక్కడ 21 రకాల పూలను ఏరించాడని ప్రసిద్ధి. పూల కోసం వచ్చిన రాజుల తరువాత మంచు కోసం వచ్చినవారు బ్రిటిష్ సైనికాధికారులు. 1927లో వారు ఇక్కడ స్కీ క్లబ్ ఆఫ్ ఇండియాను స్థాపించారు. 1948లో భారత సైన్యం తన స్కీ పాఠశాలను ఇక్కడే నెలకొల్పింది. అదే నేడు ఎత్తైన ప్రదేశాల్లో యుద్ధవిద్య నేర్పే సంస్థగా పేరుపొందింది. తీగలపై నడిచే గొండోలా తొలి దశ 1998లో, రెండో దశ 2005లో మొదలయ్యాయి. మొదటి దశ సుమారు 3,080 మీటర్ల ఎత్తులోని కొంగ్‌డోరి వరకు తీసుకుపోతుంది. రెండో దశ అఫర్వత్ శిఖరం దిగువన దాదాపు 3,950 మీటర్ల వద్దకు చేరుస్తుంది.

మరునాడు ఉదయం కిటికీ తెర తీయగానే మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఎదుట కనిపించిన మైదానం తెల్లగా లేదు. గోధుమరంగు గడ్డి, చిత్తడి నేల, నీడపట్టున అక్కడక్కడా మిగిలిన మంచు మచ్చలు. "మనం ఆలస్యంగా వచ్చాం అబ్బా" అంది. బసలో టీ తెచ్చిన యువకుడు నవ్వి, "మంచు ఎక్కడికీ పోలేదు చెల్లీ, పైకి వెళ్ళింది. మీరూ పైకి వెళ్ళండి" అన్నాడు.

కూర్చోవాలా, వద్దా?

కొంగ్‌డోరిలో గొండోలా దిగి బయటికి రాగానే తెల్లదనానికి కళ్ళు మూసుకుపోయాయి. మోకాలిలోతు మంచు, పైన నీలాకాశం, ఎదురుగా అఫర్వత్. స్కీలు అద్దెకిచ్చేవారు, శిక్షకులు, టీ అమ్మేవారు, కొయ్య స్లెడ్జిలు లాగేవారు చుట్టూ మూగారు. తెలిసినవారు బయలుదేరేముందే నాకు ఒక హితవు చెప్పి పంపారు: అక్కడ ఎవరేమి అడిగినా సగానికి బేరమాడమని. స్లెడ్జి తాడు భుజాన వేసుకొని మా ముందుకొచ్చిన మనిషికి అరవై ఏళ్ళుంటాయి. ఫిరన్ మీద పాత కోటు, కాళ్ళకు రబ్బరు బూట్లు. అమ్మను మంచు మైదానం అంచు వరకు తీసుకువెళ్ళి తీసుకొస్తానని బోర్డు మీది రేటే చెప్పాడు. నేను సగమన్నాను. ఆయన నసిగాడు. నేను వెనుదిరిగినట్టు నటించాను. చివరకు, "సరే, మీ ఇష్టం" అన్నాడు. నాకు గెలిచినట్టే అనిపించింది.

అమ్మ మాత్రం స్లెడ్జి ఎక్కలేదు. "నా వయసు మనిషి. పశువులా తాడు భుజానికేసుకొని నన్ను లాగుతుంటే నేను పైన కూర్చుంటానా?" అంది. నాలుగడుగులు తానే నడవబోయింది. రెండో అడుగుకే మోకాలు మడతపడి మంచులో కూలబడింది. మేము లేవనెత్తే లోపు ఆ పెద్దాయనే చేయి అందించాడు.

"మాజీ, మీరు కూర్చోకపోతే నా కష్టం తగ్గదు, నా కూలి తగ్గుతుంది" అన్నాడాయన. గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నదున్నట్టు చెప్పాడంతే.

అమ్మ అక్కడే స్లెడ్జి అంచున కూర్చొని మాటలు మొదలుపెట్టింది. ఆమెది దక్కనీ ఉర్దూ, ఆయనది కశ్మీరీ యాస ఉర్దూ. అయినా ఇద్దరికీ ఇబ్బంది కలగలేదు. రోజుకు ఎన్నిసార్లు దొరుకుతాయి అని అడిగింది. మంచి రోజైతే రెండు మూడు, ఒక్కోరోజు ఏమీ లేదు. ఎన్నాళ్ళుంటుంది ఈ పని? మంచు ఉన్నన్నాళ్ళు. ఈ ఏడాది మంచు ఆలస్యంగా పడింది, జనవరి అంతా ఆకాశం చూస్తూ కూర్చున్నాం. ఇక మిగిలింది రెండు వారాలు. ఆ తరువాత? మంచు పోయాక గడ్డి మొలిచే వరకు పర్యాటకులు పలచబడతారు. అప్పుడు పొలం పనో, తోట పనో, దొరికితే.

నా వైపు చూడకుండానే అమ్మ అడిగింది: "బేటా, నీకు యూనిట్‌లో జీతం సగానికి బేరమాడితే ఎలా ఉంటుంది?"

నా దగ్గర జవాబు లేదు. కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించాలనే బోధ మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చెమట ఆరకముందే ఇవ్వడానికి నేను సిద్ధమే. కానీ ఆ కూలిని ముందే సగానికి నరికి ఇవ్వబోయాను. ఈ ప్రయాణం కోసం నేను రెండేళ్ళు చిట్టీ కట్టిన మాట నిజమే. ఆ భారాన్ని రెండు వారాల పని మాత్రమే మిగిలిన మనిషి భుజాన మోపబోయిన మాటా నిజమే. బోర్డు మీది రేటే ఇస్తానని చెప్పాను. ఆయన, "మీ సంతోషం" అన్నాడు గాని, మొహంలో పెద్ద మార్పేమీ లేదు. ఇలాంటి బేరాలు ఆయన రోజూ చూస్తున్నవే కాబోలు.

స్లెడ్జి ఎక్కే విషయంలో వారిద్దరే ఒక ఒప్పందానికి వచ్చారు. చదునైన చోట అమ్మ కూర్చుంటుంది. ఎత్తు వచ్చినచోట దిగి, ఆయన కర్ర పట్టుకొని మెల్లగా నడుస్తుంది. పల్లం వచ్చినచోట ఇద్దరూ కూర్చొని జారుతారు. ఆ పల్లంలో జారేటప్పుడు మా అమ్మ చిన్నపిల్లలా కేక వేసి నవ్వడం నేను తొలిసారి విన్నాను.

పడడం నేర్పిన పాఠం

అటు మా అమ్మాయి పాఠం మొదలైంది. తలగుడ్డపై ఉన్ని టోపీ, ఆ పైన హెల్మెట్. అద్దె బూట్లు చీలమండను కదలనీయనంత బిగువు. శిక్షకుడు ముందుగా నేర్పింది జారడం కాదు, పడడం. వెనక్కి పడకూడదు, పక్కకు పడాలి. లేచేముందు స్కీలను వాలుకు అడ్డంగా పెట్టుకోవాలి, లేకుంటే లేస్తుండగానే అవి జారిపోతాయి. ఆ తరువాత ఆగడం. స్కీల ముందు కొనలు దగ్గరగా, మడమలు దూరంగా పెట్టి, లోపలి అంచులతో మంచును నొక్కితే వేగం తగ్గుతుంది. పై నుంచి చూస్తే ఆ ఆకారం నాగలి కర్రులా ఉంటుంది. ఆగడం వచ్చిన తరువాతే పైకి ఎక్కనిచ్చాడు.

దాదీ స్లెడ్జిలో కూర్చొని లెక్కపెట్టింది. మనవరాలు మొదటి గంటలో పద్నాలుగుసార్లు పడింది. పదిహేనోసారి పడకుండా కింద వరకు వచ్చి, నాగలి ఆకారంలో ఆగి నిలబడింది. స్లెడ్జి పెద్దాయన అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

మధ్యాహ్నం కాకముందే శిక్షకుడు పాఠం ఆపేశాడు. ఇంకా రెండు గంటలకు డబ్బు కట్టి ఉన్నాము. నేను ఆ మాటే అడిగాను. ఆయన కర్రతో మంచును గుచ్చి చూపించాడు. ఉదయం కరకరలాడిన నేల ఇప్పుడు తడి చక్కెరలా ఉంది. సీజన్ చివర మంచు తీరే అంత. పగటి ఎండకు పైపొర కరుగుతుంది, రాత్రి చలికి మళ్ళీ గడ్డకడుతుంది. తెల్లవారుజామున అది రాయిలా గట్టిగా ఉండి స్కీ అంచు దిగదు. ఎండ తగిలిన గంట రెండు గంటల్లో పైన కొద్దిగా మెత్తబడి, కింద గట్టిగా ఉంటుంది. నేర్చుకునేవారికి అంతకన్నా మంచి సమయం లేదు. మిట్టమధ్యాహ్నానికి బరువెక్కి స్కీలను పట్టేస్తుంది. మోకాళ్ళు మెలితిరిగేది అప్పుడే. నిటారు వాలులపై తడిమంచు విరిగిపడే ప్రమాదమూ ఆ వేళలోనే పెరుగుతుంది. 2023 ఫిబ్రవరిలో నడి శీతాకాలంలోనే అఫర్వత్ వాలుపై హిమపాతంలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు ప్రాణాలు కోల్పోయారు. "మీరు డబ్బు కట్టారు గాని, మంచు ఒప్పుకోవడం లేదు. మిగిలిన రెండు గంటలు రేపు ఉదయం" అన్నాడు. మరునాడు మాట నిలబెట్టుకున్నాడు.

జుహర్ వేళయింది. స్లెడ్జి పెద్దాయన తన ప్లాస్టిక్ పట్టా పరిచి ఇచ్చాడు. మంచునీళ్ళతో వుజూ చేసుకునేసరికి వేళ్ళు కొంకర్లు పోయాయి. నమాజు తరువాత అమ్మ గుప్పెడు మంచు చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసింది. పాపాలను నీటితో, మంచుతో, వడగళ్ళతో కడిగివేయమని వేడుకునే దుఆ ఒకటి హదీసు గ్రంథాల్లో ఉంది. చిన్నప్పుడు తండ్రి నేర్పగా అమ్మ దాన్ని కంఠస్థం చేసింది. "అరవై ఏళ్ళుగా మంచు అంటున్నాను బేటా. అది ఇంత తెల్లగా ఉంటుందని ఇవాళ తెలిసింది" అంది.

మంచు అంటే నీళ్ళు

తిరుగు దారిలో పెద్దాయన చెప్పిన మరో మాట నన్ను ఆలోచింపజేసింది. "మీకు ఇది ఆట. మాకు కూలి. కింద ఊళ్ళకు ఇది నీళ్ళు." కశ్మీర్‌లో డిసెంబరు 21 నుంచి నలభై రోజులను చిల్లై కలాన్ అంటారు. మధ్యధరా ప్రాంతం వైపు నుంచి వచ్చే పశ్చిమ కల్లోలాలు ఆ రోజుల్లో మంచు కురిపిస్తే, అది తీవ్రమైన చలికి గట్టిపడి వేసవి దాకా నిలుస్తుంది. మెల్లగా కరిగి వాగులకు, ఊటలకు, జీలం నదికి, వరిపొలాలకు నీరవుతుంది. అదే మంచు ఫిబ్రవరి, మార్చిలో పడితే నిలవదు, త్వరగా కరిగిపోతుంది. 2024 జనవరిలో గుల్‌మర్గ్ మైదానం మంచు లేక బోసిపోయింది. 2025 ఫిబ్రవరిలో ఇక్కడ జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక వాయిదా పడి, మార్చిలో జరిగాయి. వేసవిలో నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టే పేట నుంచి వెళ్ళిన మాకు ఆ మాట అర్థం కావడానికి వ్యాఖ్యానం అవసరం లేకపోయింది.

వెళ్ళదలచిన కుటుంబాలకు కొన్ని సూచనలు చెబుతాను. గొండోలా టికెట్లు ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, ఇంట్లో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. మంచు నుంచి తిరిగి తగిలే ఎండ చర్మాన్ని, కళ్ళను దెబ్బతీస్తుంది. నల్ల కళ్ళద్దాలు, ముఖానికి లేపనం చలికోటు కన్నా తక్కువ అవసరమైనవి కావు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దలు డాక్టరును అడిగి, వీలైతే మొదటి దశతోనే ఆగడం మేలు. ఉదయమే పైకి వెళ్ళి మధ్యాహ్నానికి దిగిపోవాలి. మన వెంట తీసుకెళ్ళిన చిప్స్ ప్యాకెట్లు, సీసాలు మన వెంటే తిరిగి రావాలి. మంచు కరిగాక అవి చేరేది తాగునీటిలోకే. ఇక కూలి విషయం. రేట్ల బోర్డు చూడండి, అంతకు మించి అడిగితే మర్యాదగా కాదనండి, అంతకు తగ్గించి మాత్రం అడగకండి.

మేము ఇంటికి చేరిన రెండు వారాలకు, ఏప్రిల్ 22న, పహల్‌గామ్ దగ్గర బైసరన్ మైదానంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. వారిలో విశాఖపట్నానికి, కావలికి చెందిన ఇద్దరు తెలుగువారు కూడా ఉన్నారు. పర్యాటకులను కాపాడబోయి ప్రాణమిచ్చిన సయ్యద్ ఆదిల్ హుస్సేన్ షా గుర్రం నడుపుకొని బతికే కూలి. ఆ వార్త చూస్తూ అమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది. సెలవులకని వెళ్ళి శవపేటికలో తిరిగివచ్చిన వారి ఇళ్ళను తలచుకొని ఏడ్చింది. ఆ గుర్రపు కూలి తల్లిని తలచుకొని ఏడ్చింది. వారం తిరిగేసరికి కశ్మీర్‌లో 48 పర్యాటక ప్రదేశాలను తాత్కాలికంగా మూసివేశారు. మేము నడిచిన దారుల్లో జనం కరువయ్యారు.

స్లెడ్జి పెద్దాయన నంబరు మా అమ్మాయి ఫోన్‌లో రాసుకుంది. అమ్మ పట్టుబట్టగా మే నెలాఖరులో ఒక సాయంత్రం ఫోన్ చేశాము. రెండుసార్లు మోగి ఆగిపోయింది. రాత్రి ఇషా తరువాత ఆయనే చేశాడు. స్లెడ్జి అటక మీద పెట్టేశానని, జనం రావడం లేదని, ఒకరి తోటలో పని దొరికిందని చెప్పాడు. సహాయంగా ఏమైనా పంపుతామని నేను అనబోయాను. ఆయన నన్ను మాట పూర్తి చేయనివ్వలేదు. "మాజీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడిగాడు. "శీతాకాలం వస్తుంది, మంచు పడుతుంది ఇన్‌షా అల్లాహ్. అప్పుడు రండి. అమ్మాయికి ఇంకా మలుపులు తిరగడం రాలేదు."

మా అమ్మ ఫోన్ తీసుకొని ఆయనకు, ఆయన ఇంటివారికి సలాం చెప్పింది. ఆ మరునాటి నుంచి చిట్టీ మళ్ళీ కడుతున్నాను.